మా అత్త పెంచిన బీడు

మా మేనత్త పోయింది. కార్తీకం చివర్లో ఒక తెల్లవారుజామున కాఫీ కలుపుకొని, ఇంటి పక్క వసారాలో అరుగు మీద కూర్చొని, ఆ కాఫీ తాగకుండానే పోయింది. పాలుపోసే ఆమె చూసి ఇరుగుపొరుగును కేకేసింది. పులివెందుల నుంచి మా అన్న ఫోన్ చేసి, "రేయ్, అత్త పోయిందంటరా" అన్నాడు. నేనప్పుడు జమ్మలమడుగులో మా ఇంటి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటున్నాను. ఆ చెప్పులతోనే ప్రొద్దుటూరు బస్సెక్కాను.

ఇలాంటి వ్యాసాలు ఎలా రాస్తారో నాకు తెలుసు. ఆమె లేని లోటు తీరనిదని మొదలుపెట్టి, ఆమె ఆశయాలను కొనసాగిద్దామని ముగిస్తారు. నేనలా రాయలేను. లోటు ఉంది. అది నా సొంత సంగతి. మీతో చెప్పాల్సింది వేరే ఉంది. ఆమె ఏళ్ల తరబడి పెంచినదాన్ని, మూడో రోజు చిన్నదినం నాడే, ఇంకా ఇంట్లో దీపం వెలుగుతుండగానే, మా ఇంటివాళ్లే మందు కొట్టి చంపారు. పగతో కాదు. ప్రేమతో, గౌరవంతో, నలుగురిలో ఆమెకు మంచి పేరు రావాలని చంపారు. నా కోపమంతా ఆ ప్రేమ మీదే.

ఆమె పెంచింది గులాబీ తోట కాదు. బీడు.

తప్పు చదవలేదు మీరు. బీడునే పెంచింది. ఎవరూ విత్తకుండా, ఎవరూ దున్నకుండా, వానకు లేచి ఎండకు పండి మన మెట్టల మీద ఉండే గడ్డీ పూలూ కలిసిన నేలను, ప్రొద్దుటూరులో కాంపౌండు గోడల మధ్య పెంచింది.

అత్త టీచరు. జమ్మలమడుగు చుట్టూ, ఆ తర్వాత పులివెందుల వైపు పల్లెల్లో చిన్న తరగతుల పిల్లలకు చదువు చెప్పింది. మామ బ్యాంకులో క్యాషియరు. పిల్లల్లేరు. రిటైరయ్యాక మైదుకూరు రోడ్డు నుంచి లోపలికి ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. పక్కన ఇంకో ఇల్లు పట్టేంత స్థలం మిగిలింది. మామ ముచ్చటపడి అందులో నర్సరీ పచ్చిక పరిపించాడు. చాపల్లాగా చుట్టుకొని లారీలో వచ్చిన గడ్డి అది. ఆ ఎండాకాలం కాలనీలో బోర్లన్నీ ఎండిపోయాయి. వీధిలో ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకొని నిలబడితే, మామ గోడ లోపల పైపు పట్టుకొని గడ్డికి నీళ్లు చల్లుతున్నాడు. అత్త పోయి కొళాయి కట్టేసింది.

"మనుషులకు లేని నీళ్లు దీనికి తాపుతాండావే, నీకు కడుపు కాల్తాలేదా?"

"పచ్చగా ఉంటే కంటికి సలవ గదా అని..."

"కంటికి సలవ కావాలంటే కళ్లు మూసుకో."

పచ్చిక ఎండిపోయింది. మామ కొన్నాళ్లు మాట్లాడలేదు. అత్త పార పట్టి ఆ ఎండిన చాపలన్నీ లేపేసింది. కింద ఎర్రమన్ను బయటపడింది.

చలికాలంలో, గింజ ముదిరే వేళకు, ఆమె జమ్మలమడుగు వచ్చి నన్ను వెంటబెట్టుకొని గండికోట దారిలో దిగేది. జనమంతా కోటకు, లోయ అంచున ఫోటోలకు పోయేవారు. మేము రోడ్డుకు ఇవతల బీట్లోకి పోయేవాళ్లం. తంగేడు కాయలు, వెంపలి కాయలు, గునుగు కంకులు, తుమ్మి, బోదగడ్డి. ఒక్కో చెట్టు దగ్గర పిడికెడు మించి దూసేది కాదు. "అంతా మనమే దూస్తే దీనికేం మిగుల్తాదిరా" అనేది. ఒకసారి నల్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్రాయన కారాపి, "ఏం మందు ఆంటీ ఇది, షుగరుకా?" అని అడిగాడు. మనవాళ్లకు అడవిలో ఆకు కోస్తే మందుకే కోయాలి. అత్త తలెత్తి, "షుగరు లేదు నాయనా నాకు. ఊరికే పెంచుకోనీకి" అంది. "ఊరికేనా?" అన్నాడు. "నీకు ఊరికే ఇష్టమైనోళ్లు ఎవరూ లేరా?" అంది. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ గింజలను ఇసుకలో కలిపి, తొలివానకు ముందు చల్లింది. నీళ్లు పోయలేదు. ఎరువు వేయలేదు. ఆ ఏడాది పల్లేరు, వయ్యారిభామ తప్ప ఏమీ లేవలేదు. మామకు మళ్లీ నోరొచ్చింది. వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు: "మీ అత్త ఇంట్లో గడ్డి ఎండబెట్టి, ఊరవతల గడ్డి తెచ్చి చల్లుతాండాది. క్యాషియరు పని చేసినా గానీ ఇట్లాంటి లెక్క యాడా చూడలేదప్పా." అత్త పట్టించుకోలేదు. చేతులకు పాలిథీన్ సంచులు కట్టుకొని, పరదేశం నుంచి వచ్చిన ఆ వయ్యారిభామను పూత పట్టకముందే పెరికేది. రోజూ అదే పని.

అది చూసి నేను వాదనకు దిగాను. నాకు అలవాటు. "ఏమత్తా, నువ్వూ పరాయివాళ్లు పోవాలనేవాళ్లలో కలిసిపోయినావా? అది ఎక్కడిదైతేనేం?"

ఆమె నడుం ఎత్తలేదు. "ఎక్కడిదని నేనడగలేదురా. మన పొలాల్లో మిరప యాడిది, చెనక్కాయ యాడిది? ఇది పక్కదాన్ని బతకనీయదు. అందుకు పీకుతాండా. పరాయిదైనందుకు కాదు."

దేశం గురించి, మనుషుల గురించి నేను విన్న ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

రెండో ఏటి వానకు గడ్డి లేచింది. మూడో ఏటి వానకు పూలు. తంగేడు పసుపు, గునుగు తెల్లకంకులు, వాటి కింద నేలకు అంటుకొని గోటి అంత నీలిపూలతో విష్ణుక్రాంతం. ముక్కు లావుగా ఉండే చిన్న పిచ్చుకలు గుంపుగా దిగి, గడ్డిపరక వంగేదాకా ఊగుతూ గింజ తినేవి. తంగేడు ఆకు మీద పసుపు రెక్కల సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేవి. పురుగులు ఆకులన్నీ కొరికేసి పోతే అత్త మురిసిపోయేది. "సూడరా, భోజనాలైనాయి" అనేది. మాఘంలో గింజ రాలాక కొడవలితో కోసి, కాలనీ బయట గొర్రెలు తోలుకొచ్చేవాళ్లకు మోపులు ఇచ్చేది. వెక్కిరించిన మామే చివరి రెండు మూడేళ్లు కుర్చీ ఆ వైపుకే వేసుకున్నాడు. ఆయన పోయాక ఆ కుర్చీలో ఆమె కూర్చుంది.

కాలనీకి మాత్రం మింగుడుపడలేదు. ఎదురింట్లో రిటైరైన ఇంజనీరుగారు ఉన్నారు. కాలనీ సంఘానికి పెద్ద ఆయనే. గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టేవాడు.

"టీచరమ్మా, పాములొస్తాయి."

"నీ ఇంటి ఎనక పెట్టిన ఇటుకల కుప్పలో ఉండాయి సార్ పాములు. నా గడ్డిలోకి వేటకొస్తాండాయి. ముందు ఇటుకలు తీయించు."

"దోమలు?"

"దోమలు నిల్చిన నీళ్లలో పుడతాయి. నేను నీళ్లే పోయను. నువ్వు రోజూ కారు కడిగి గుంతలో నిలబెడతాండావే, అవి నీ పిల్లలు."

"సరేగానీ, ఇంట్లో పెట్టుకొని దాన్ని బీడు, బీడు అనద్దమ్మా. అరిష్టం."

ఆ ఒక్క మాటకు మాత్రం అత్త జవాబు చెప్పేది కాదు. నవ్వి లోపలికి పోయేది. ఎందుకో నాకు మా అమ్మ చెప్పింది.

అత్తకు పెళ్లయి చాన్నాళ్లయినా పిల్లలు పుట్టలేదు. బంధువులింట్లో తొట్ల కార్యం జరుగుతోంది. బిడ్డను తొట్లో వేయడానికి ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. అత్త వంతు రాగానే ఒక పెద్దామె బిడ్డను పక్కకు తీసుకొని, "బీడుదాని చేతికి ఎందుకులేమ్మా, ఎనకోళ్లు రాండి" అంది. అందరూ విన్నారు. అత్త అక్కడే నిలబడి అందట: "బీడంటే ఏమీ లేనిదనుకుంటాండావా పెద్దమ్మా? మీ ఇంట్లో గొర్రెలు యాడ మేసి ఈనినాయో, పోయి మీ ఆయన్నడుగు." చెప్పి, భోంచేయకుండా బస్సెక్కింది.

మన భాష మీద నాకు ప్రేమ ఉంది. అందుకే అడుగుతున్నాను. ఈ మాటను ఇంత నీచంగా ఎందుకు వాడుతున్నాం? గొర్రెలకూ మేకలకూ ఏడాదంతా తిండి పెట్టే నేల బీడు. వాటిని మేపుకొని బతికేవాళ్లకు బువ్వ పెట్టే నేల బీడు. దాన్ని తెచ్చి పిల్లల్లేని ఆడమనిషికి తిట్టుగా అంటించాం. మనం విత్తకుండా లేచిన ప్రతిదాన్నీ పిచ్చిమొక్క అన్నాం. ఏం పిచ్చి దానికి? ఎవరినీ నీళ్లు అడక్కుండా బతకడం పిచ్చా? బోరు మీద బోరు వేసి, అప్పు మీద అప్పు చేసి, మెట్టనేలలో అరటి పెట్టినవాడు తెలివైనవాడా?

అంతటితో ఆగలేదు. మైకు ముందుకొచ్చిన ప్రతి పెద్దమనిషీ అంటాడు, మన సీమలో భూములు బీడుగా, ఖాళీగా పడి ఉన్నాయని. అయ్యా, ఖాళీగా అంటే ఎవరు లేరని? నీకు కనిపించేవాళ్లు లేరు, అంతే. పొద్దున్నే మందను తోలుకొని సాయంత్రం తిరిగొచ్చే మనిషి నీ లెక్కలో లేడు. ఆ మనిషి కాలికింద గడ్డి లేదు. గడ్డిలో గూడు పెట్టిన పూరేడు పిట్ట లేదు. ముందు ఖాళీ అంటారు, తర్వాత కంచె వేస్తారు. కంచె లోపల సోలారు అద్దాల పలకలు పరుస్తారో, ప్లాట్లకు రాళ్లు పాతుతారో వాళ్ల ఇష్టం. కరెంటు వద్దని నేననడం లేదు. ఖాళీ అనే అబద్ధం వద్దంటున్నాను. అత్త ఈ సంగతి ఉపన్యాసంగా ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఇదేందమ్మా అని అడిగితే, గొంతు సవరించుకొని, పిల్లలకు అక్షరం దిద్దించినట్టు స్పష్టంగా పలికేది: "బీడు."

ఇక మా అన్న సంగతి. వాడు చెడ్డవాడు కాదు. అత్త మోకాళ్లు పట్టుకుపోయినప్పుడు పులివెందుల నుంచి నెలనెలా వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయింది వాడే. నేను కాదు. వాడికి చీనీ తోట ఉంది, బత్తాయి అంటారే, అదే. ఆ తోట చూస్తే మీకు తెలుస్తుంది మా వైపు రైతుల పరువు ఎక్కడుంటుందో. చెట్ల మధ్య నేల అద్దం మాదిరి ఉండాలి. ఒక్క గడ్డిపరక కనిపించినా, దారిన పోయేవాళ్లు "ఏమప్పా, ఈ మధ్య తోట పట్టించుకుంటాలేవా?" అంటారు. ఆ మాట పడలేక మందు కొడతారు. అవసరానికి కాదు, మాట పడలేక. ఆ తోటలో తేనెటీగ లేదు. వానపాము లేదు. శుభ్రం ఉంది.

పోయిన ఎండాకాలం అత్త మా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది. "ఇల్లు మీరేమన్నా చేసుకోండి. నాకు పట్టదు. బీడు మాత్రం మాఘంలో కొయ్యండి, అంతే. కాల్చద్దు, మందు కొట్టద్దు." అన్న ఆమె చెయ్యి పట్టుకొని, "సరేలేత్తా, ఇప్పుడెందుకా మాటలు" అన్నాడు. మనవాళ్లలో 'సరేలే' అంటే ఒప్పుకున్నట్టు కాదు. మాట ఆపమని అర్థం. అత్తకు ఆ సంగతి తెలుసు. మళ్లీ అడిగింది. మళ్లీ "సరేలేత్తా" అన్నాడు.

ఊరికి పోయి, చిన్నదినం నాడు నేను మళ్లీ బస్సు దిగి వచ్చేసరికి వీధి మొగదలే వాసన తగిలింది. పులివెందుల తోటల్లో నాకు బాగా తెలిసిన వాసన. గేటు తీశాను. అన్న ముక్కుకు టవలు కట్టుకొని నిలబడి ఉన్నాడు. తోటలో పనిచేసే మనిషి వీపున ట్యాంకు తగిలించుకొని తంగేడు పూల మీద కొడుతున్నాడు. ముందు సగం అయిపోయింది. ఆకుల చివర్ల నుంచి చుక్కలు కారుతున్నాయి.

"ఏం చేస్తాండావన్నా?"

"ఏంది, కనపల్లేదా? శుభ్రం చేపిస్తాండా. ఇంట్లో మైలుంది. పెద్దదినానికి ఊరంతా వస్తాది. పందిరి యాడెయ్యాల, పొయ్యి యాడ పెట్టాల?"

"అత్త నీకేం చెప్పింది?"

"చెప్పింది లేరా. పెద్దోళ్లు శానా చెప్తారు. అత్త ఇల్లు కంప మాదిరి ఉందని నలుగురూ అనుకుంటాంటే నీకు బాగుంటాదా?"

"నాకు తెలీదు. అత్తకు బాగుంటాది."

"రేయ్, నీ మీటింగు మాటలు నా దగ్గర వద్దు. ఆమెను మోసినోణ్ణి నేను. నా భుజం ఇంకా నొస్తాంది." వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మందు ఘాటుకో, ఏడుపుకో.

"మోసినావు. నిజమే. ఇప్పుడు చేస్తాండేది ఏందో తెలుసునా? ఆ తొట్ల కార్యంలో ఆ పెద్దామె అన్నమాటనే మళ్లీ అంటాండావు. నోటితో కాకుండా పంపుతో."

ఆ మాట వాడికి తగిలింది. తగలాలనే అన్నాను. ఎదురింటి ఇంజనీరుగారు గోడ మీంచి, "పోనీలేండప్పా, పాముల బాధ తగ్గుతాది" అన్నాడు. "మీరు గమ్మునుండండి సార్" అని ఈసారి మా ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది. నేను మామ కుర్చీ తీసుకుపోయి మిగిలిన సగంలో వేసుకొని కూర్చున్నాను. మందు కొట్టే మనిషి మా ఇద్దరినీ చూసి, "సామీ, మీ అన్నదమ్ములు ఏదో ఒకటి తేల్చుకోండి, నాకు వీపు కాల్తాంది" అన్నాడు. అన్న టవలు విప్పి నేలకు కొట్టి లోపలికి పోయాడు.

మీరెప్పుడైనా చూశారో లేదో, కలుపు మందుతో చచ్చే మొక్క వెంటనే చావదు. ఒకటి రెండు రోజులు ఏమీ కానట్టే ఉంటుంది. తర్వాత చివుళ్లు పాలిపోతాయి. ఆ మీదట గడ్డి నిలబడే ఎండుతుంది. పిచ్చుకలు యథాప్రకారం వచ్చి దాని మీద వాలాయి. మందు తగిలిన గింజ తింటాయేమోనని రోజంతా చప్పట్లు కొట్టి తోలుతూ కూర్చున్నాను. పెద్దదినానికి ముందు రోజు కూలీలు వచ్చి ఎండిందంతా పెరికి, నేల చదును చేసి, నీళ్లు చల్లారు. ఆ నేల మీద ఆమె ఎన్నడూ పోయనన్ని నీళ్లు.

పెద్దకర్మ జరిగే పెద్దదినం నాటికి అది నిజంగానే అద్దం మాదిరి ఉంది. పందిరి వేశారు. ఫోటోకు దండ వేశారు. వచ్చినవాళ్లంతా అన్నను మెచ్చుకున్నారు. "పెద్దోడు శుభ్రంగా చేపిచ్చినాడు. అంతకుముందు ఎట్లుండె, అడివి ఉన్నట్టుండె." పసుపు సీతాకోకచిలుక ఒకటి పందిరి కిందికి వచ్చి ఫోటో చుట్టూ తిరిగింది. ఒకామె కళ్లొత్తుకొని, "సూడండమ్మా, టీచరమ్మే వచ్చింది" అంది. అందరూ చేతులు జోడించారు. నేనుండబట్టలేక చెప్పాను. అత్త కాదమ్మా అది. గుడ్లు పెట్టుకోవడానికి తంగేడు చెట్టు కోసం వచ్చింది. మొన్నటిదాకా ఇక్కడే ఉండింది, ఇప్పుడు లేదు. ఆ దండలో ఉండేది ప్లాస్టిక్కు. ఆమె నన్ను పాపం అన్నట్టు చూసింది. మనకు ఆత్మలు కావాలి. ఆకులు వద్దు.

వడ్డనకు ముందు అన్న నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు: "ఈపొద్దు ఈ గొడవ వద్దు. రేపు ఆ మిగిలింది కూడా తీయించి బండలు పరిపిస్తా. నువ్వు అడ్డం రావద్దు."

"వస్తా" అన్నాను.

"రేయ్..."

"కోర్టుకు పోతావో, కొడతావో నీ ఇష్టమన్నా. ఆ కుర్చీ మాత్రం ఆడనే ఉంటాది."

మధ్యాహ్నం భోజనాల బంతి నడుస్తుండగా గాలి లేచింది. పందిరి అంచు ఎగిరింది. తిన్న కాగితం ప్లేట్లు కొన్ని కొట్టుకుపోయి మిగిలిన సగంలో, గడ్డి మీద పడ్డాయి. బంధువుల ముందు అదొక చిన్నతనం అన్నకు. ఎవరికీ చెప్పకుండా తనే దిగాడు. నడుం లోతు గడ్డిలో వంగి, ఒక్కో ప్లేటూ ఏరుకుంటూ గోడదాకా పోయాడు. వాడి భార్య పుట్టింటివాళ్లు ఆ ఉదయమే పెట్టిన కొత్త తెల్లపంచె కట్టుకొని ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి మోకాళ్ల నుంచి కింది దాకా ఆ పంచె గోధుమరంగుకు తిరిగింది. మా వైపు గడ్డుల్లో ఒకదాని గింజకు ముల్లు, ముల్లుకు తోక ఉంటుంది. గుడ్డను పట్టుకుందంటే దులిపితే పోదు.

"ఏం గడ్డిరా ఇది, వదల్దే" అని తిట్టుకుంటూ వసారా మెట్టు మీద, ఆమె కూర్చునే అరుగు పక్కన కూర్చున్నాడు. పంచె ఒళ్లోకి లాక్కొని, గోటితో ఒక్కో గింజే పెరుకుతున్నాడు. బంతిలో వాళ్లు లేచిపోయారు. ఎవరో కాఫీ తెచ్చి పక్కన పెట్టారు, చూడలేదు. పెరికిన ప్రతి గింజనూ చిరాగ్గా వేళ్లతో ముందుకు విసురుతున్నాడు. ఎదురుగా, వాడే అద్దం చేయించిన ఎర్రటి తడినేల మీదకు.

జీవితంలో ఎన్నడూ లేనిది, నేను నోరు మూసుకొని కూర్చున్నాను. సాయంత్రం దాకా వాడు విసురుతూనే ఉన్నాడు.